పన్ను ఇంప్లాంట్ తర్వాత తిండి: జొన్న రొట్టెకు తొందరపడవద్దు

కొన్ని సంవత్సరాల క్రితం వరకు మన నారాయణఖేడ్ ప్రాంతంలో పన్ను ఊడితే రెండే మార్గాలు ఉండేవి. తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళ సెట్టు చేయించుకోవడం, లేదా ఆ ఖాళీతోనే రోజులు గడపడం. ఇప్పుడు దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగించి దానిమీద పన్ను కట్టే ఇంప్లాంట్ పద్ధతి మన పల్లెల వారికి కూడా తెలిసింది. "స్క్రూ పండ్లు" అని పేరు కూడా పెట్టారు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలకు కొందరు, సంగారెడ్డికో బీదరుకో కొందరు, ప్రైవేటు క్లినిక్కులకు కొందరు వెళ్ళి చేయించుకొని, చాలామంది అదే రోజు సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తున్నారు.

మా ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ చేయము. అయినా దీని గురించి మేము రాయడానికి కారణం ఉంది. ఆపరేషన్ అక్కడ జరిగినా అన్నం తినవలసింది ఇక్కడే. రాత్రి పది గంటలకు నోట్లో రక్తం కనబడినా, మూడో రోజు దవడ ఉబ్బినా, షుగరు పడిపోయినా మా క్యాజువాలిటీకే వస్తారు. అలా వచ్చినవారిని చూసి మాకు తెలిసినది, దంత వైద్యులను అడిగి తెలుసుకొన్నది ఇక్కడ చెబుతున్నాము.

ఇద్దరి సంగతి ముందుగా చెప్పాలి. ఒక పెద్దమ్మకు కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేశారు. మేకలు అమ్మిన డబ్బుతో చేయించుకుంది. మొదటి రెండు వారాలు ఎంతో జాగ్రత్తగా ఉంది. మూడో వారం ఒకరోజు మా దగ్గరికి బి.పి. చూపించుకోవడానికి వచ్చినప్పుడు, పన్ను దగ్గర ఏదో కదులుతున్నట్టుందని చెప్పింది. ఏమి తిన్నావమ్మా అని అడిగితే, "నొప్పి మొత్తం పోయింది సిస్టరమ్మా, ఇగ మానిందనుకున్న. జావ తాగి తాగి పానం విసిగింది. నాలుగు రోజుల సంది రొట్టె తింటున్న" అన్నది. వెంటనే ఆమెను ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే పంపించాము. ఒక స్క్రూ తీసివేయవలసి వచ్చింది. ఎముక మళ్ళీ పూడేదాకా కొన్ని నెలలు ఆగి, మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టాలన్నారు. రొట్టె ఒక్కటే కారణమని మేము చెప్పలేము. ఇంప్లాంటు పట్టకపోవడానికి షుగరు, పొగాకు, చీము, ఎముక పలచగా ఉండడం వంటి కారణాలు ఇంకా ఉంటాయి. అయితే ఆ రొట్టె మాత్రం ఆమె చేతిలో ఉన్న విషయం.

రెండో ఆయన తండా నుండి వచ్చిన అరవై ఏళ్ళ షుగరు రోగి. ఆపరేషన్ అయిన మరునాడు అలవాటు ప్రకారం పొద్దున్నే షుగరు గోళీ వేసుకున్నాడు. తింటే కుట్లు తెగుతాయన్న భయంతో రోజంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రాత్రికి ఒళ్ళంతా చెమటలు పట్టి, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే, ఆపరేషన్ మత్తు తలకెక్కిందని ఇంటివారు అనుకున్నారు. మేము చూసేసరికి షుగరు 42 ఉన్నది.

ఒకరు తొందరగా తిన్నారు. ఒకరు అసలు తినలేదు. ఈ రెండూ జరగకుండా చూసుకోవాలి.

స్క్రూ ఎముకను ఎలా పట్టుకుంటుంది?

దీన్ని కనిపెట్టినది స్వీడన్ దేశపు వైద్యుడు పెర్-ఇంగ్వార్ బ్రేన్‌మార్క్. 1952లో ఆయన కుందేళ్ళ కాలి ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి టైటానియం లోహంతో చేసిన చిన్న పరికరం అమర్చారు. పని అయ్యాక తీద్దామంటే అది రాలేదు. ఎముక దానిని గట్టిగా పట్టుకుని పెరిగింది. ఆ గమనింపుతోనే 1965లో మొదటిసారి యోస్టా లార్సన్ అనే మనిషి దవడలో టైటానియం స్క్రూలు వేసి పళ్ళు కట్టారు. 2006లో లార్సన్ చనిపోయేవరకు, అంటే నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. బ్రేన్‌మార్క్ పద్ధతిలో స్క్రూ వేసిన తర్వాత కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగి అప్పుడు పన్ను కట్టేవారు. పై దవడ ఎముక మెత్తన కాబట్టి ఎక్కువ సమయం. ఈ రోజుల్లో కొందరు డాక్టర్లు ఇంకా త్వరగా కడుతున్నారు. అది ఎముకను బట్టి, వేసిన స్క్రూను బట్టి వారు నిర్ణయించే విషయం.

ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆపరేషన్ రోజున స్క్రూ గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే దాని మరలు ఎముకలో బిగుసుకుని ఉంటాయి. ఆ తర్వాత చుట్టూ నలిగిన పాత ఎముకను శరీరం కొద్దికొద్దిగా కరిగించి, ఆ చోట కొత్త ఎముక పోస్తుంది. పాతది కరిగి కొత్తది ఇంకా గట్టిపడని మధ్యకాలం ఒకటి వస్తుంది. సుమారుగా అది మూడు, నాలుగు వారాల సమయం. స్క్రూ పట్టు అన్నిటికంటే తక్కువగా ఉండేది అప్పుడే. నొప్పి, వాపు పూర్తిగా తగ్గి, కుట్లు కూడా తీసివేసి, "మానింది" అని మనకు అనిపించేది కూడా సరిగ్గా అప్పుడే. చిగురు మానడం వేరు, ఎముక పట్టడం వేరు. చిగురు రెండు వారాల్లో మానవచ్చు, ఎముకకు నెలలు కావాలి.

మామిడికి అంటు కట్టినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. కట్టిన చోట రోజూ కదిలిస్తే అంటు అతుకుతుందా? స్క్రూ కూడా అంతే. మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ కదలిక పదేపదే కలిగినా చాలు, దాని చుట్టూ ఎముకకు బదులు మెత్తని నారలాంటి కండ ఏర్పడే అవకాశం ఉన్నది. ఆ కండ పన్ను బరువును మోయలేదు.

కొందరికి ముందు పళ్ళ దగ్గర అదే రోజు తాత్కాలిక పన్ను పెట్టి పంపిస్తారు. అది చూడటానికి మాత్రమే, కొరకడానికి కాదు. పన్ను వచ్చింది గదా అని దానితో రొట్టె తుంచేవారిని మేము చూశాము.

మొదటి రోజు, బస్సు ప్రయాణంతో సహా

ఆపరేషన్ చేసిన చోట ఒత్తిపెట్టిన గాజు గుడ్డను డాక్టరు చెప్పినంతసేపు, మామూలుగా అరగంట నుండి గంట, గట్టిగా కరచి పట్టుకోవాలి. మాటిమాటికి తీసి చూడకూడదు. గాయంపై గడ్డకట్టిన రక్తమే మొదటి కట్టు. అది జారిపోతే రక్తం మళ్ళీ కారుతుంది, నొప్పి ఎక్కువవుతుంది. అందుకని ఇరవై నాలుగు గంటలపాటు ఉమ్మివేయకూడదు, పుక్కిలించకూడదు, పైపుతో పీల్చి తాగకూడదు. హైదరాబాదు నుండి వచ్చేవారు బస్టాండులో కొబ్బరిబోండం కొని పైపుతో తాగుతారు. కొబ్బరి నీళ్ళు మంచివే. గ్లాసులో పోయించుకొని తాగండి. నోట్లో ఊరిన ఉమ్మిని మింగివేయండి, అందులో కొద్దిగా ఎర్రని చార ఉన్నా భయం లేదు. ఒక చుక్క రక్తం ఉమ్మిలో కలిస్తే నోరంతా ఎర్రగానే కనబడుతుంది.

మత్తు ఇంజక్షన్ ప్రభావం రెండు, మూడు గంటలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అది పూర్తిగా దిగేదాకా ఏమీ తినవద్దు. మొద్దుబారిన పెదవిని, నాలుకను తెలియకుండా కొరుక్కుంటారు. దారిలో వేడి వేడి చాయ్ తాగి పెదవి లోపల బొబ్బలెక్కించుకొని వచ్చిన వారున్నారు. కాలినట్టు వారికి రాత్రిగ్గాని తెలియదు. మత్తు దిగాక మొదటి రోజు చల్లగా, పలుచగా ఉన్నవి తీసుకోవాలి. చల్లార్చిన పాలు, పులవని మజ్జిగ, చల్లార్చి వడగట్టిన తైద అంబలి, పల్చగా చేసిన పెసర కట్టు చాలు. చాయ్ తాగకుండా ఉండలేనివారు గోరువెచ్చగా అయ్యాక తాగవచ్చు, బిస్కట్టు ముక్కలు మాత్రం వద్దు.

వాపు రెండో, మూడో రోజు వరకు పెరిగి తర్వాత తగ్గుతుంది. మూడో రోజు ముఖం బాగా ఉబ్బిందని తిండి మానేయవద్దు.

మొదటి వారం: మెత్తగా, కానీ బలంగా

మెత్తని తిండి అనగానే మన ఇళ్ళలో గంజి, బార్లీ నీళ్ళు, గ్లూకోజు ఇస్తారు. వాటితో దాహం తీరుతుంది గాని గాయం మానదు. గాయం మానటానికి, కొత్త కండ, ఎముక ఏర్పడటానికి మాంసకృత్తులు కావాలి. మామూలు మనిషికి ఒక కిలో బరువుకు రోజుకు సుమారు ఒక గ్రాము చొప్పున లెక్క. యాభై కిలోల మనిషికి యాభై గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరు గ్రాముల పైన, కప్పు పెరుగులో దాదాపు అంతే, చిన్న గిన్నెడు చిక్కటి పప్పులో ఆరేడు గ్రాములు ఉంటాయి. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, ఒక కప్పు పెరుగు, రెండు గిన్నెల పప్పు తీసుకుంటే నలభై గ్రాములు దాటుతుంది. మిగతాది అన్నం, అంబలి నుండి వస్తుంది. ఇందులో దేనికీ పళ్ళతో పని లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్క పట్టుకోకుండా తమ డాక్టరును అడగాలి.

మన ప్రాంతపు తిండిలోనే దీనికి పనికివచ్చేవి చాలా ఉన్నాయి. డబ్బాలో అమ్మే ఖరీదైన పొడులు కొనమని మేము ఎవరికీ చెప్పము.

తైదల పిండి రెండు పెద్ద చెంచాలు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి పది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. చల్లారాక ఉప్పు, మజ్జిగ కలపండి. తైదల్లో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, జొన్నల్లో అందులో పదో వంతు కూడా ఉండదు.

జొన్న గటక తినాలని ఉన్నవారు జొన్న రవ్వను కడిగి కొంతసేపు నానబెట్టి, ఒకటికి ఆరు వంతుల నీరు పోసి బాగా మెత్తగా ఉడికించాలి. మొదటి నాలుగు రోజులు దానిని మిక్సీలో వేసి, జల్లెడలో వడగట్టి, మజ్జిగతో పల్చగా తాగాలి. వడగట్టడం ఎందుకంటే జొన్న పొట్టు, రవ్వ పలుకు కుట్ల మధ్య ఇరుక్కుంటే తీయడం కష్టం. నాలుగైదు రోజుల తర్వాత వడగట్టకుండా మెత్తగా పిసికి తినవచ్చు.

పెసరపప్పు, బియ్యం కలిపి జారుగా వండిన కిచిడీ, పాలకూర పప్పు, మెత్తగా ఉడికించిన సొరకాయ, ఆలుగడ్డ, గుడ్డును పాలతో గిలకొట్టి తక్కువ మంటపై మెత్తగా వండినది, ముళ్ళు తీసి చిదిమిన చేప, ఇవన్నీ మూడో నాలుగో రోజు నుండి తినవచ్చు. మాంసాహారులు పాయా చారు గోరువెచ్చగా వడగట్టి తాగవచ్చు, ఎముకల జోలికి మాత్రం పోవద్దు. మిరపకారం, మసాలా, చింతపండు పులుపు గాయాన్ని మండిస్తాయి. పచ్చి పులుసు లేనిదే ముద్ద దిగదనేవారికి ఒక వారం కష్టమే. చారులో కారం తగ్గించి, పోపులో ఆవాలు వేయకుండా చేసి పెట్టండి. ఆవగింజ, నువ్వుగింజ, టమాట గింజ చిన్నవే, కుట్లలో దూరేవి కూడా అవే.

పండ్ల విషయంలో చాలామంది పొరపడుతున్నారు. అరటి, బొప్పాయి, సపోట చిదిమి తింటే మంచివి. జామ, దానిమ్మ గింజల వల్ల వద్దు. మన గుట్టల మీది సీతాఫలం మెత్తనే గదా అంటారు, నిజమే, కానీ గింజను నోట్లో తిప్పి, పీల్చి, ఉమ్మాలి. ఆ మూడు పనులూ ఇప్పుడు చేయకూడనివే. ఇంట్లో వాళ్ళు గుజ్జు చెంచాతో తీసి ఇస్తే తినండి. రసం మామిడిని కూడా పీల్చకుండా గిన్నెలో పిండుకొని తీసుకోవాలి.

ఇంకొక మాట. ఇంట్లో మగవారికి ఆపరేషన్ అయితే కోడలో, భార్యో విడిగా మెత్తగా వండి పెడతారు. అదే ఆ ఇంటి ఆడమనిషికి అయితే, ఆమె ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసి, తనకోసం మళ్ళీ పొయ్యి వెలిగించుకోలేక, మిగిలిన రొట్టె ముక్కనే చారులో అద్దుకొని తినేస్తుంది. మొదట చెప్పిన పెద్దమ్మ ఇంట్లో జరిగింది ఇదే. ఇంటివారు ఇది గమనించాలి. ఇంత డబ్బు ఖర్చుపెట్టిన తర్వాత ఒక గిన్నెడు కిచిడీ వండటం పెద్ద పని కాదు.

షుగరు ఉన్నవారు

వీరికి రెండు వైపులా ప్రమాదం. తినకుండా మందు వేసుకుంటే షుగరు పడిపోతుంది. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్ వంటి గోళీలు వాడేవారికి ఇది త్వరగా జరుగుతుంది. మెత్తని తిండి పేరుతో గంజి, గ్లూకోజు నీళ్ళు, పండ్ల రసాలు, ఐస్‌క్రీములు తీసుకుంటే షుగరు పెరిగిపోతుంది. పెరిగిన షుగరుతో గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువవుతుంది.

కాబట్టి ఆపరేషన్‌కు వెళ్ళకముందే మీ షుగరు డాక్టరును కలిసి, తిండి తగ్గే రోజుల్లో మందు ఎంత వేసుకోవాలో అడిగి కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు మందు మానవద్దు, తినకుండా వేసుకోనూ వద్దు. పూటకు కడుపునిండా తినలేకపోతే రెండు, మూడు గంటలకొకసారి కొంచెం కొంచెం తీసుకోండి. చక్కెర కలపని పాలు, మజ్జిగ కలిపిన తైద అంబలి, పప్పు, గుడ్డు మీకు తగినవి. అంబలి పల్చగా మరిగేకొద్దీ, వడగట్టేకొద్దీ షుగరును త్వరగా పెంచుతుందని గుర్తుంచుకోండి. గ్లూకోమీటరు ఇంట్లో ఉంటే మొదటి మూడు రోజులు రోజుకు రెండు మూడుసార్లు చూసుకోవాలి.

చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక మాటలు ఉంటే షుగరు పడిపోయిందని అనుమానించాలి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా చూసుకునే వీలు లేకపోతే, మూడు టీ చెంచాల చక్కెర లేదా గ్లూకోజు అర గ్లాసు నీటిలో కలిపి గ్లాసుతోనే తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి, తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక పాలో, అంబలో తాగించండి. ఇలాంటప్పుడు కుట్ల గురించి ఆలోచించవద్దు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, లేదా ఉన్న వాహనంలో వెంటనే తీసుకురండి. తండా నుండి వచ్చినాయన గ్లూకోజు సెలైన్ ఎక్కించాక అరగంటలో లేచి కూర్చుని తన బీడీల కట్ట ఎక్కడ పోయిందని అడిగాడు. ఆ సంగతి కిందికి వస్తుంది.

మందులు, తిండి

నొప్పి గోళీలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి, ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో పుండు పడవచ్చు, రక్తం కూడా పోవచ్చు. నొప్పి వల్ల తినలేదు, తినలేదని నొప్పి గోళీ మానలేదు, ఇలా నాలుగు రోజులు గడిపి కడుపు మంటతో వచ్చేవారున్నారు. కనీసం గ్లాసు పాలు, గిన్నెడు కిచిడీ లోపలికి పోయిన తర్వాతనే గోళీ వేసుకోండి. యాంటీబయాటిక్ గోళీలలో మెట్రోనిడజోల్ ఉంటే నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది, వికారం కూడా రావచ్చు. అది మందు గుణమే. కోర్సు మధ్యలో ఆపవద్దు. ఆ మందు వాడే రోజుల్లో, ఆపిన తర్వాత మూడు రోజుల వరకు కల్లు, సారా, బీరు ఏదీ ముట్టవద్దు. కొన్ని యాంటీబయాటిక్‌లు పాలతో కలిపి వేసుకుంటే సరిగా పనిచేయవు, కాబట్టి ఏ గోళీ దేనితో వేసుకోవాలో అడిగి తెలుసుకోండి. గుండె జబ్బు కోసం రక్తం పల్చబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

రెండో వారం నుండి మూడో నెల వరకు

కుట్లు సాధారణంగా వారం నుండి రెండు వారాలలోపు తీస్తారు, కొన్ని కుట్లు వాటంతటవే కరుగుతాయి. ఆ తర్వాత మెత్తని అన్నం, ఇడ్లీ, ఉప్మా, మెత్తగా ఉడికిన కూరలు, బాగా ఉడికిన ఖీమా రెండో వైపు పళ్ళతో నమిలి తినవచ్చు. ఇంప్లాంటు వేసిన వైపు మాత్రం డాక్టరు "ఇక తినవచ్చు" అని చెప్పేవరకు నమలకూడదు. క్యాలెండరులో రోజులు లెక్కపెట్టుకొని మనమే నిర్ణయించుకోకూడదు. ఎక్స్‌రే తీసి, స్క్రూ పట్టు చూసి వారు చెబుతారు.

ఇప్పుడు జొన్న రొట్టె. ఖేడ్, జహీరాబాద్ వైపు రొట్టె లేని పూట ఉండదని మాకు తెలుసు, మా వార్డుల్లో కూడా రోగులు బ్రెడ్డు పక్కన పెట్టి ఇంటి నుండి రొట్టె తెప్పించుకుంటారు. గోధుమ రొట్టెలా జొన్న రొట్టె సాగదు. చల్లారితే గట్టిపడుతుంది, అంచు చెక్కలా ఉంటుంది, ముందు పళ్ళతో పట్టి తుంచాలి, దవడ పళ్ళతో చాలాసేపు నమలాలి. కొత్త స్క్రూకు ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. రెండు వారాలు దాటిన తర్వాత, డాక్టరు ఒప్పుకుంటే, అప్పుడే కాల్చిన రొట్టె నడిమి భాగం మాత్రం తీసుకొని, అంచులు వదిలి, చేత్తో చిన్న ముక్కలుగా తుంచి, పప్పులోనో పాలలోనో పది నిమిషాలు నానబెట్టి, చెంచాతో చిదిమి తినవచ్చు. రొట్టె రుచి ఉంటుంది, పళ్ళకు పని ఉండదు. నిల్వ ఉన్న గట్టి రొట్టెను మాత్రం నానబెట్టి కూడా ఇప్పుడు తినవద్దు.

మక్క కంకులు, మక్క పేలాలు, కాల్చిన పల్లీలు, పుట్నాలు, సకినాలు, మురుకులు, అప్పడాలు, చెరుకు గడ, ఎండు కొబ్బరి, ఎముకలున్న మటన్, బోటీ ఇవన్నీ ఆగవలసినవే. మక్క పేలాల పొట్టు గురించి ప్రత్యేకంగా చెబుతున్నాము. అది పల్చని గోరు ముక్కలా చిగురుకు, స్క్రూ మీది మూతకు మధ్య దూరి కూర్చుంటుంది, వారం తర్వాత చీముతో బయటపడుతుంది. సంక్రాంతి, పెళ్ళిళ్ళ కాలంలో ఆపరేషన్ పెట్టుకోకుండా ఉంటే మంచిది. దావత్‌లో అందరి మధ్య కూర్చొని నేను తినను అనడం మన దగ్గర సులభం కాదు.

పై దవడలో వెనుక వైపు, ముక్కు పక్కనుండే సైనస్ దగ్గర ఎముక పొడి వేసి ఇంప్లాంటు పెట్టినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వీరు డాక్టరు చెప్పినన్ని రోజులు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరచి తుమ్మాలి, పైపుతో అసలే తాగకూడదు. నీళ్ళు తాగుతుంటే ముక్కులోంచి వస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

బీడీ, తంబాకు, కల్లు

బీడీ, సిగరెట్ పొగ చిగుళ్ళకు రక్తం రాకను తగ్గిస్తుంది. పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు ఊడిపోవడం తాగనివారికంటే ఎక్కువ. దమ్ము లాగడం కూడా పైపుతో పీల్చడం లాంటిదే. తంబాకు, జర్దా, గుట్కా బుగ్గన పెట్టేవారు సరిగ్గా గాయం మీదనే పెడుతున్నారు. వక్క ముక్క సంగతి చెప్పనక్కరలేదు, దానికంటే గట్టిది మన నోట్లోకి ఇంకేమి పోతుంది? పూర్తిగా మానితే అన్నిటికీ మంచిది. మానలేమనేవారు కనీసం ఆపరేషన్‌కు ముందు ఒకటి రెండు వారాలు, తర్వాత రెండు నెలలు ఆపగలరేమో ముందే చూసుకొని, ఆపలేమనుకుంటే ఆ మాట దంత డాక్టరుకు దాచకుండా చెప్పాలి. బీడీల కట్ట అడిగినాయనకు మా నర్సు దానిని వెంటనే ఇవ్వలేదు, ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన కొడుకుకు ఇచ్చింది. తర్వాత ఏమైందో మాకు తెలియదు.

ఉపవాసాల విషయం చాలామంది అడుగుతారు. శ్రమకాలపు ఉపవాసమైనా, రోజా అయినా, శనివారం ఒక్కపొద్దు అయినా, గాయం మానుతూ మందులు వాడుతున్న మొదటి రెండు వారాల్లో వద్దని మా సలహా. జబ్బుతో ఉన్నవారికి మినహాయింపు అందరి పద్ధతుల్లోనూ ఉంది. మీ పెద్దలను అడిగి, ఆపరేషన్ తేదీనే ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు.

తిన్న తర్వాత

ఇరవై నాలుగు గంటలు దాటాక, గ్లాసు గోరువెచ్చని నీటిలో అర టీ చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకొని తలను నెమ్మదిగా అటూ ఇటూ వంచి, నీటిని నోటి నుండి జారవిడవాలి. బుగ్గలు ఉబ్బించి గట్టిగా పుక్కిలించకూడదు, ఫూ అని ఉమ్మకూడదు. మిగతా పళ్ళను మొదటి రోజు రాత్రి నుండే మెత్తని బ్రష్‌తో తోముకోవచ్చు, గాయం జోలికి పోకుండా. వేప పుల్ల, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు రుద్దడం వద్దు. ఇరుక్కున్న ముక్కను పిన్నీసుతోనో, చీపురు పుల్లతోనో తీయడం అసలే వద్దు. పాత కట్టుడు పళ్ళ సెట్టును ఆ చోట పెట్టుకోవచ్చో లేదో డాక్టరును అడగాలి, చాలాసార్లు దానిని సరిచేసి ఇస్తారు. తినేటప్పుడు స్క్రూ మీది చిన్న మూత ఊడి చేతికి వస్తే సొంతంగా బిగించవద్దు. శుభ్రమైన డబ్బాలో వేసుకొని మరునాడే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆలస్యమైతే చిగురు మూసుకుపోతుంది.

ఎప్పుడు రావాలి?

శుభ్రమైన గుడ్డను మడిచి అరగంట కరచి పట్టుకున్నా రక్తం ఆగకపోతే, మూడో రోజు తర్వాత వాపు తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరం, చీము, దుర్వాసన ఉంటే, మత్తు దిగవలసిన సమయం దాటి మరునాటికి కూడా కింది పెదవి మొద్దుగానే ఉంటే, స్క్రూ కదులుతున్నట్టు అనిపిస్తే ఆపరేషన్ చేసిన డాక్టరుకు వెంటనే ఫోన్ చేయాలి. వాపు గొంతు కిందికి దిగి, నోరు తెరవలేక, మింగలేక, ఊపిరి తీసుకోవడం కష్టమైతే హైదరాబాదు దాకా వెళ్ళే ఆలోచన పెట్టుకోకుండా, అర్ధరాత్రి అయినా సరే దగ్గరలోని ఆసుపత్రికి రండి.

వచ్చేటప్పుడు అక్కడ ఇచ్చిన కాగితాలు, ఎక్స్‌రే, వాడుతున్న గోళీల స్ట్రిప్పులు అన్నీ తీసుకొనిరండి. "తెల్ల గోళీ, ఎర్ర గోళీ" అని చెబితే మాకు తెలియదు. ఆ రోజు ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో కూడా వెంట వచ్చేవారు గుర్తుపెట్టుకొని చెప్పండి, మేము మొదట అడిగేది అదే.